టీచరుగారు మెచ్చుకున్న చెత్త

ఆ రోజు ఎలిజబెత్ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి, "పది గంటలకి శానిటరీ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారండీ, బకెట్లు గేటు ముందు పెట్టండి" అని చెప్పడం. చెప్పి వచ్చి, షుగరు జబ్బున్న భర్త పేతురు గారికి పంచదార లేని కాఫీ ఇచ్చి, తానూ స్థిమితంగా తాగారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినావిడ "నిండు బకెట్లు" అని విడమరిచి చెప్పకపోవడమే పొరపాటు.

ఏలూరులోని ఆ వీధికి చెత్త బండి కోసం ఆవిడ మూడేళ్లు మునిసిపల్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగారు. వీధంతా చెత్త పారబోసే ఖాళీ స్థలం ఆవిడ వంటింటి కిటికీ కిందే ఉంది మరి. చివరికి 2004 వేసవిలో ఇంటికో ఆకుపచ్చ బకెట్టు, వీధికో మూడు చక్రాల బండి, దాన్ని తొక్కడానికి అప్పారావు మంజూరయ్యారు. నెల రోజుల్లో జనం చెత్త ఇవ్వడం మొదలుపెట్టకపోతే బండి వెనక్కి పోతుంది. అప్పారావు ఉద్యోగమూ పోతుంది.

జనం ఇవ్వలేదు. అంత మంచి బకెట్లో చెత్త వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. వీరరాఘవమ్మ గారు బియ్యం పోసుకున్నారు. వెంకట్రాజు గారు పెదపాడులోని తన చెరువు నుంచి చేపలు తెచ్చుకున్నారు. చెత్త మాత్రం యథాప్రకారం కిటికీ కిందకే వెళ్లింది.

ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఇరవై గేట్ల ముందు ఇరవై బకెట్లు తళతళలాడుతున్నాయి, ఖాళీగా. ఆఫీసరు చూస్తాడని అందరూ సబ్బు పెట్టి తోమారు. వీరరాఘవమ్మ గారైతే పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. ఇళ్లలోని చెత్తంతా, పరువు పోతుందని, అప్పటికే ఖాళీ స్థలంలో కుమ్మరించేశారు.

"ఈ వీధిలో చెత్తే లేదన్నమాట. బండి తీసేయొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉందండీ బాబూ! అదిగో, కొండంత!" అన్నాడు అప్పారావు.

"అదెవరిది?"

"మాది కాదండీ," అంది వీధంతా. "పక్క వీధివాళ్లదండీ," అన్నారు వెంకట్రాజు గారు. ఆ మాట విని పక్క వీధివాళ్లు కూడా వచ్చి తగువుకి దిగారు. ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి పెన్ను తీశాడు. అప్పారావు మెడలోని ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు.

అది చూసి ఎలిజబెత్ టీచరుకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. కొంగు బిగించి, కర్ర పుచ్చుకుని గుట్ట దగ్గరికి నడిచారు.

"ఏవండీ, ఈ పొలుసులు చూశారా? ఒక్కోటీ రూపాయి బిళ్లంత! ఇంత చేప తినే స్థోమత మన వీధిలో ఎవరికుందండీ? పక్క వీధివాళ్లదే."

వెంకట్రాజు గారు గొంతు సవరించుకున్నారు. కాసేపు ఓర్చుకున్నారు. ఇక వల్ల కాలేదు.

"వాళ్ల మొహం! అది మా చెరువు బొచ్చె చేపండీ. ఏడు కేజీలు!"

"అయితే బండిలో వేయించండి. ఆఫీసరు గారు దగ్గర్నుంచి చూస్తారు." కర్ర మరో పక్కకి తిరిగింది. "ఈ మామిడి టెంకలు ఏ జమీందారుగారివో! అన్నీ పెద్ద రసాలే."

"మా అన్నయ్య నూజివీడు నుంచి గంపెడు పంపాడండీ!" అంటూ వీరరాఘవమ్మ గారు జనాన్ని తోసుకుని వచ్చారు.

ఆ తర్వాత టీచరుగారికి నోరు నొప్పి తప్పింది. ఎవరి వైభవం వాళ్లే వెతుక్కుని బండికెత్తారు. రొయ్య పొట్టు సంచీ ఒకటి మాదంటే మాదని రెండు వీధుల పెద్దమనుషులు చెరో పక్క పట్టుకు లాగారు. బండి మూడుసార్లు నిండింది. స్థలంలో నేల కనిపించింది. ఇన్‌స్పెక్టరు ఈ వీధికి బండి ఖాయం చేసి, పక్క వీధికి కూడా ఒకటి రాశాడు. అప్పారావు ఈల తీసి, పిలవాల్సినవాళ్లంతా ఎదురుగానే ఉన్నా, గట్టిగా ఊదాడు. ఎలిజబెత్ టీచరు సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

చివరికి పేపరు చుట్టి, దారంతో గట్టిగా కట్టిన పొట్లం ఒక్కటి మిగిలింది. ఆవిడే విప్పారు. లోపల పూతరేకుల ఖాళీ పెట్టెలు ఆరు.

"అబ్బ, ఎంత రుచి తెలిసిన మనిషో! ఎవరివండీ ఇవి?"

ఎవరూ ముందుకు రాలేదు. వెనక నుంచి పేతురు గారు నెమ్మదిగా అన్నారు.

"పక్క వీధివాళ్లవై ఉంటాయి, ఎలిజబెత్."

మర్నాటి నుంచి తమ ఇంటి బకెట్టు టీచరుగారే స్వయంగా గేటు దగ్గర పెడుతున్నారు, మూత తీసి చూశాక.