సుదర్శనం గారి నిలువు గీత

ఆ రోజు పది గంటల ఇరవై నిమిషాలకు పూజగదికి ద్వారబంధం నిలపాలని ముహూర్తం. సుదర్శనం గారు ఐదుకే లేచి స్నానం ముగించి, తిరునామం పెట్టుకోవడానికి అద్దం ముందు కూర్చున్నారు. అరవై ఎనిమిది నిండినా కళ్లజోడు ముట్టని మనిషి. దేవస్థానం ఆఫీసులో ముప్పై రెండేళ్లు ఎంత సన్నటి అక్షరమైనా కిటికీ దగ్గరికి పోకుండానే చదివానని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూసి ఏ గీతయినా నిలువా కాదా తేల్చడం ఆయన సొంత విద్య.

ఆ పొద్దున నామం గీత నడుమ వంగి కనబడింది. తుడిచి మళ్లీ పెట్టారు. మూడోసారికి అద్దం పాడయిందని తేల్చి, దాన్ని గోడవైపు తిప్పేశారు. మొదట పెట్టిన నామమే నిటారుగా ఉందని భార్య కల్యాణవల్లికి తెలుసు. ముహూర్తం రోజున మాట పెంచడం ఎందుకని ఊరుకుంది.

ఐరాల నుంచి వచ్చిన మేస్త్రీ చెంగయ్య సరిగ్గా వేళకు ద్వారబంధం నిలిపాడు. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. సుదర్శనం గారు నాలుగడుగులు వెనక్కి వేసి, ఎడమ కన్ను మూశారు. కుడి పక్క కొయ్య నడుమ వంగిందన్నారు.

చెంగయ్య రసమట్టం ఆనించి చూపించాడు. బుడగ మధ్యలోనే నిలిచింది. ఆయన బుడగను కూడా నమ్మలేదు. ద్వారబంధం విప్పి మళ్లీ నిలిపారు. మళ్లీ వంగింది. వడ్రంగి దొరస్వామిని పిలిపించారు. తన టేకును వంకర అన్నందుకు దొరస్వామి మొహం ముడుచుకుని, తప్పంతా గోడదేనన్నాడు. దాంతో గోడ నాలుగు వరసలు విప్పించారు. అంతసేపూ ఓర్చుకున్న చెంగయ్య ఇక పనిముట్లు సంచిలో వేసుకోబోయి, ఆఖరికి తూకం గుండు బయటికి తీశాడు. దారం కొసన ఇనుప గుండు. ఆ పనిలో దానికి మించిన సాక్షి లేదు.

"సూడండి సామీ. మా నాయన ఇచ్చిన గుండు ఇది."

సుదర్శనం గారు చాలాసేపు చూశారు. "దారం కూడా వంగిందప్పా" అన్నారు.

చెంగయ్య గుండును ఆయన కళ్లముందుకు తెచ్చాడు.

"నేను వంకరగా కట్టుంటాను సామీ, దొరస్వామి వంకరగా సెక్కుంటాడు. ఏలాడే గుండు యాడన్నా వంకరగా ఏలాడతాదా?"

కాఫీలు తెచ్చిన కల్యాణవల్లి పళ్లెం కిందపెట్టి, అరచేత్తో భర్త కుడి కన్ను మూసింది. ఇప్పుడు చూడమంది. దారం నిలువుగానే ఉందన్నారు. చెయ్యి ఎడమ కంటి మీదికి మార్చింది.

"వంగింది. నడుమ కొంచెం మసకగా ఉండాది" అన్నారాయన, ఈసారి గొంతు తగ్గించి. గీతలు వంగడం ఇవాళే గానీ, మసక నాలుగు రోజులుగా ఉందట.

ఆమె చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముందు గోడ పని కానిమ్మన్నారాయన, నొప్పి లేదన్నారు, ఎరుపైనా లేదన్నారు.

"నొప్పి ఉంటే మీరే పరిగెత్తేవాళ్లు. లేదనే నాకు భయం. పదండి."

కంటి డాక్టరు మహిత ఫొటోలు తీయించి చూసింది. కంటి లోపలి పొర నడిమధ్యన నీరు చేరుతోందనీ, ఇంకా ఆలస్యమైతే ఆ కంట్లో నడిమి చూపు తిరిగి రాకుండా పోయేదనీ చెప్పింది. తిన్నని గీతలు వంగినా, చూపు నడుమ మసక కమ్మినా, మెరుపులూ నల్లచుక్కలూ ఒక్కసారిగా మొదలైనా, పక్కనుంచి తెర దిగినట్టున్నా ఆ రోజే రావాలంది. నాలుగు రోజులకైనా వచ్చినందుకు మెచ్చుకుని, ఎవరు కనిపెట్టారని అడిగింది.

"నేనే" అన్నారు సుదర్శనం గారు, కుర్చీలో నిటారుగా కూర్చుని. "ఇద్దరు పనివాళ్లను పెట్టి, గోడ విప్పించి మరీ పరీక్ష చేసినాను."

కల్యాణవల్లి మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి కాస్త కష్టపడింది. కన్ను దక్కింది, ఆమెకది చాలు.

నెలకొకటి చొప్పున కంట్లోకి మూడు ఇంజెక్షన్లు పడ్డాయి. మూడోది అయిన వారానికి చెంగయ్య పూజగది గోడకు పూత వేయడానికి వచ్చాడు. విప్పిన వరసలు అప్పుడే తిరిగి కట్టేశాడు గానీ, ఈలోగా ద్వారబంధాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సుదర్శనం గారు ఎడమ కన్ను మూసి, కింది నుంచి పైదాకా చూసి, మేస్త్రీ భుజం తట్టారు.

"ఇప్పుడు నిలువుగా ఉండాది. మొదటే ఇట్ల నిలిపుంటే ఇంత దూరం వచ్చేదా అప్పా?"