ముల్లు కిందుంటే నిండు

ఆ పొద్దున నీళ్లయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి దేవుడి ముందు దీపం పెట్టాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాలి. తనిఖీకి వచ్చే పెద్దాఫీసరుకు ట్యాంకు చూపించి, మంచి కాఫీ ఇప్పించి, ఆయన కప్పు కింద పెట్టేలోపల కొత్త మోటారు సంగతి అడగాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఆయనకు అనిపించింది.

నీళ్లయ్య అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. మునిసిపాలిటీలో నీటి సరఫరా చూసే అధికారి కనక ఊరు ఆయనకు ఆ పేరు పెట్టుకుంది. కొళాయి బాగా వస్తే ఎవరూ ఆయన్ని తలుచుకోరు. రాకపోతే మాత్రం, భోజనం మధ్యలో ఉన్నా సరే, పిలుస్తారు. దేవుడి పరిస్థితి కూడా దాదాపు ఇంతే కదా అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

ఊరికంతా ఉన్నది ఒకే మోటారు. దానికి వయసు మళ్లి చాలాకాలమైంది. అందరూ దాన్ని తాతయ్య అంటారు. పొద్దున్నే దగ్గుతుంది, మూలుగుతుంది, ఓ పట్టాన లేవదు. లేచాక మాత్రం పాపం తన శక్తికొద్దీ నీళ్లు తోడి ట్యాంకులో పోస్తుంది. ముందు ఎండాకాలం ఉంది. ఆ ఎండల్లో తాతయ్య ఒకరోజు లేవనంటే ఊరి గొంతు ఎండిపోతుంది. నీళ్లయ్య దేవుణ్ణి తనకోసం ఏదీ అడగకూడదని నియమం పెట్టుకున్న మనిషి. మోటారు తనకోసం కాదు కనక అది మాత్రం రోజూ అడిగేవాడు.

తనిఖీలు కొత్తేమీ కాదు. ప్రతిసారీ ఆయన పంపుహౌసు కడిగించి, గొట్టాలకు రంగు వేయించి, కొళాయిలు ధారగా వచ్చేట్టు చూసేవాడు. వచ్చిన ఆఫీసరు ప్రతిసారీ ముచ్చటపడి, "ఇంత చక్కగా నడుస్తుంటే కొత్త మోటారు ఎందుకయ్యా?" అని భుజం తట్టి వెళ్లిపోయేవాడు. ఇంకా చక్కగా నడిపితే ఇస్తారేమోనని నీళ్లయ్య మరుసటి ఏడు ఇంకా కష్టపడేవాడు.

ఈసారి ట్యాంకు బోర్డుకు రంగు వేయించాలనుకున్నాడు. అది ట్యాంకు గోడ మీద నిలువునా ఉండే పొడుగాటి బోర్డు. దాని మీద ఎర్ర ముల్లు ఒకటి పైకీ కిందికీ జరుగుతుంది. లోపల నీళ్ల మీద తేలే డబ్బాకు తీగ కట్టి, ఆ తీగను గోడ మీదుగా కప్పీ వేసి బయటికి తెచ్చి, చివర ముల్లు తగిలించారు. లోపల నీళ్లతోపాటు డబ్బా పైకి లేస్తే బయట ముల్లు కిందికి దిగుతుంది. అంటే ముల్లు కిందుంటే ట్యాంకు నిండు, పైకెక్కితే ఖాళీ. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయి కింద నుంచి చూసేవాళ్లకు కనిపించవు. అయినా ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ ఈ లెక్క తెలుసు. ముల్లు కిందుంటే ఊరు నిశ్చింతగా ఉంటుంది.

ఆ రంగు పని బావమరిదికి ఇమ్మంది నీళ్లయ్య భార్య. ఆ కుర్రాడు కొత్తగా కుంచె పట్టాడు. మొన్ననే ఒక మంగలి షాపుకు బోర్డు రాస్తే అందరూ మెచ్చుకున్నారట.

"బయటివాళ్లకి ఇస్తారు గానీ మా తమ్ముడికి ఇవ్వరు. వాడేం పాపం చేశాడు?" అని ఆవిడ కంచంలో అన్నం పెడుతూ అడిగింది. కంచంలో అన్నం పెడుతున్న మనిషితో వాదించేంత ధైర్యం నీళ్లయ్యకు ఎప్పుడూ లేదు.

బావమరిది తెల్లవారకముందే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. దగ్గరికెళ్లి చూస్తే వెలిసిపోయిన పాత అక్షరాలు లీలగా కనిపించాయి. పైన 'ఖాళీ', కింద 'నిండు'. అతను కాసేపు తల గోక్కున్నాడు. గ్లాసులో నీళ్లయినా, గోలెంలో నీళ్లయినా నిండితే పైకే వస్తాయి కదా. పూర్వం ఎవడో పరధ్యానంగా రాసి ఉంటాడు, ఇన్నాళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు, ఇవాళ పెద్దాఫీసరు కళ్లబడితే బావ పరువు గంగలో కలుస్తుంది అనుకున్నాడు. బావ మీద ప్రేమతో పైన 'నిండు' అనీ, కింద 'ఖాళీ' అనీ, ఊరవతల నుంచి కూడా కనబడేంత లావుగా, నీలం రంగులో రాసి దిగాడు.

రాత్రంతా నిండి ఉన్న ట్యాంకు కనక ముల్లు ఒద్దికగా కిందనే ఉంది. 'ఖాళీ' అన్న అక్షరాల పక్కన.

మొదట చూసింది ట్యాంకు ఎదుట దుకాణం ఉన్న టైలరు. తలుపు తీస్తూ అలవాటుగా తలెత్తి, ముల్లు చూసి హాయిగా ఊపిరి పీల్చబోయి, అక్షరాలు చూసి ఆగిపోయాడు. ముల్లు కిందుంటే నిండు అని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అంత పెద్ద అక్షరాలతో ఆఫీసువాళ్లే రాశాక, తనకు తెలిసింది ఇన్నాళ్లూ తప్పేమో అన్న అనుమానం వచ్చింది. అక్షరం ముందు మనిషి తన కళ్లను తానే నమ్మడు. అతను లోపలికి పరిగెత్తి తల్లిని లేపాడు, భార్యను లేపాడు, తర్వాత నీళ్లయ్యకు ఫోన్ చేశాడు.

నీళ్లయ్య అప్పుడే దీపం వెలిగిస్తున్నాడు. ట్యాంకు ఖాళీ అయిందన్న మాట వినగానే అగ్గిపుల్ల వేలు కాల్చింది. నిన్న సాయంత్రం తన కళ్లతో నిండుగా చూసిన ట్యాంకు. వెంటనే పంపుహౌసులో ఉన్న ఆపరేటరుకు ఫోన్ చేశాడు.

"ట్యాంకులో నీళ్లున్నాయా లేవా?"

"లేవండి. బోర్డు చూస్తూనే ఉన్నా. ఖాళీ అని ఉంది. తాతయ్యని లేపాను."

ఈ ఆపరేటరు గురించి ఒక మాట చెప్పాలి. అంతకుముందున్న ఆపరేటరు సొంత తెలివి ఉపయోగించి ఒకసారి పెద్ద గొట్టం పగలగొట్టాడు. అప్పటినుంచి నీళ్లయ్య కొత్తవాడికి ఒకే ఒక పాఠం నేర్పాడు. బోర్డు ఏం చెబితే అది చెయ్యి, నీ బుర్ర ఇంటి దగ్గర పెట్టిరా అని. శిష్యుడు అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాడు.

నిండిన ట్యాంకులోకి తాతయ్య దగ్గుతూ దగ్గుతూ మళ్లీ నీళ్లు పోయసాగాడు. కాసేపటికి ట్యాంకు వెనకవైపు గొట్టంలోంచి మిగులు నీళ్లు ధారగా వీధిలోకి దూకాయి. టైలరు మళ్లీ ఫోన్ చేశాడు.

"ఇప్పుడు పైనుంచి నీళ్లు కారుతున్నాయండీ."

"ఇందాక ఖాళీ అన్నావు. ఖాళీ ట్యాంకులోంచి నీళ్లెలా కారతాయయ్యా?"

"పగిలితే కారవా? ఉన్న కాస్తా అలా పోతోంది."

అప్పటికే వీధిలో వార్త కాళ్లు తెచ్చుకుంది. ట్యాంకు ఖాళీ అయిందని మొదటి ఇంట్లో, ట్యాంకు బీటలు వారిందని మధ్య ఇంట్లో, వారం రోజులు నీళ్లుండవట అని చివరి ఇంట్లో. ఉదయం కొళాయిలు వదిలే వేళ. ప్రతి ఇంట్లో ఉన్న ప్రతి కొళాయీ ఒక్కసారిగా విప్పారు. ముందు బిందెలు, బకెట్లు నిండాయి. తర్వాత గంగాళాలు, గిన్నెలు, కుక్కరు. తర్వాత పిల్లల నీళ్ల సీసాలు, పూలకుండీ కింది పళ్లెం. కోడలు గ్లాసులు నింపుతుంటే అత్తగారు వచ్చి మూతలు కూడా పనికొస్తాయని చూపించింది.

నీళ్లయ్య స్కూటర్ ఎక్కి ట్యాంకు దగ్గరికి బయల్దేరాడు. ఆఫీసు ముందు నుంచి వెళుతుండగా పెద్దాఫీసరు జీపు అనుకున్నదానికన్నా ముందే వచ్చి గేటులో నిలబడి ఉంది. దాన్ని దాటుకుని పోవడం ఏ ఉద్యోగి వల్లా కాదు.

ఊరంతా ఒకేసారి తోడుతుంటే తాతయ్య పోసేది ఏ మూలకి? ట్యాంకులో నీళ్లు దిగిపోసాగాయి. డబ్బా దిగింది. బయట ముల్లు పైకెక్కింది. పంపుహౌసు కిటికీలోంచి ఆపరేటరు అది చూసి మురిసిపోయాడు. ముసలి మోటారు ఇవాళ కుర్రాడిలా పనిచేస్తోందని దాని వీపు నిమిరాడు. ముల్లు 'నిండు' దగ్గరికి రాగానే స్విచ్చు ఆపి, క్రమశిక్షణ ప్రకారం ఫోన్ చేశాడు.

"ట్యాంకు నిండిందండీ. మోటారు ఆపేశాను."

నీళ్లయ్య ఫోన్ పెట్టేసి కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఖాళీ, పగులు, అన్నీ టైలరు భ్రమే అనుకున్నాడు. దారిలో దుమ్ము కొట్టుకొచ్చిన పెద్దాఫీసరు లోపల ముఖం కడుక్కుంటున్నాడు. మోటారు గురించి అడగాల్సిన మాటలు నీళ్లయ్య మనసులో ఇంకోసారి వల్లె వేసుకున్నాడు. అంతలో లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఏమయ్యా, నీళ్లు ఆగిపోయాయి."

"ట్యాంకు నిండుగా ఉందండి. ఇప్పుడే కబురొచ్చింది."

"ట్యాంకు నిండితే నాకేం లాభం? నా కళ్లల్లో సబ్బుంది."

కొళాయి బుస్సుమని గాలి ఊది ఊరుకుంది. పెద్దాఫీసరు ముఖం నిండా నురగతో, ఒక కన్ను మూసుకుని, నీళ్లయ్య భుజం పట్టుకుని బయటికొచ్చాడు. మలుపు తిరగ్గానే ట్యాంకు బోర్డు. నీళ్లయ్య తలెత్తి చూశాడు. ముల్లు ఆకాశంలో ఉంది. దాన్ని అంత ఎత్తున ఆయన ఎన్నడూ చూడలేదు. తర్వాత అక్షరాలు చూశాడు. తర్వాత బోర్డు కింద చేతులు కట్టుకుని మెచ్చుకోలు కోసం నిలబడ్డ బావమరిదిని చూశాడు. ఇంకెవరూ ఏమీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"అవి ఎవరు మార్చమన్నారోయ్?"

"ఎవరూ అనలేదు బావా. తప్పుగా ఉన్నాయి కదా అని నేనే దిద్దాను. నీ పరువు కోసం" అన్నాడు బావమరిది. ముఖంలో కల్మషం లేదు. అందుకే తిట్టడానికి నీళ్లయ్యకు నోరు రాలేదు.

ఈలోగా టైలరు తల్లి, వీధికంతా బామ్మ, పెద్దాఫీసరు అవస్థ చూసి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆయన ఒంటికన్నుతో చుట్టూ చూశాడు. అడుగు పెట్టడానికి చోటు లేదు. గుమ్మం నుంచి వంటింటి దాకా నీళ్లే. కుట్టు మిషను మీద నీళ్లు. అటక మీద నీళ్లు. గుండీల డబ్బాలో కూడా నీళ్లు పట్టారు, అడుగున గుండీలు మెరుస్తున్నాయి. బామ్మ చిన్న గ్లాసుతో కొలిచి పోసింది.

"కాస్త చూసి వాడుకో నాయనా. మళ్లీ ఎప్పుడొస్తాయో ఏమో."

పెద్దాఫీసరు ముఖం తుడుచుకోవడం మరిచిపోయాడు. పక్కింట్లోకి తొంగి చూశాడు. అక్కడా అంతే. ఆ పక్కన ఒక చిన్నపిల్ల పాలసీసాలో నీళ్లు పట్టుకుని కాపలా కూర్చుంది. ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. ఈ ఊళ్లో నీళ్ల ఇబ్బంది ఇంతలా ఉందా అని బామ్మనడిగాడు.

"నీళ్లయ్య ఉన్నాడు గనక ఈ మాత్రమైనా తాగుతున్నాం నాయనా. ఆయన ఒక్కడు, ఆ ముసలి మోటారు ఒక్కటి. ఇద్దరూ ఎంతకని లాగుతారు?"

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అయినా నీళ్లయ్యకు ముళ్ల మీద నిలబడ్డట్టుంది. రోజూ దీపం పెట్టే చేత్తో మోసానికి తలుపు తీయలేక, చెమటలు కక్కుతూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బోర్డు మీద రెండు మాటలు తారుమారయ్యాయనీ, దానివల్లే ఇదంతా జరిగిందనీ, రోజూ నీళ్లు బాగానే వస్తాయనీ.

పెద్దాఫీసరు ఆయన్ని జాలిగా చూశాడు.

"రెండు మాటలు మారితే ఊరు ఊరంతా గుండీల డబ్బాల్లో నీళ్లు పట్టుకుంటుందా? నన్ను నమ్మమంటావా?"

"నిజమండి. రాసింది మా బావమరిదే."

"పైవాళ్ల తప్పు నెత్తిన వేసుకున్నావు సరే, పాపం ఇంట్లోవాళ్ల మీద కూడా ఎందుకయ్యా వేస్తావు? నీలాంటి మంచివాళ్లు అంతా బాగుంది, అంతా బాగుంది అంటూ దాచబట్టే ఇన్నేళ్లు మాకు తెలియలేదు."

అక్కడే, టైలరు బల్ల మీద గుడ్డలు పక్కకు తోసి, కొత్త మోటారు వెంటనే పంపాలని పైకి రాశాడు. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని రెండు రాశాడు. కాఫీ ఇస్తామంటే, ఈ ఊరి నీళ్లు తాగే హక్కు తనకు లేదని చెప్పి జీపెక్కాడు.

సాయంత్రానికి తాతయ్య ట్యాంకు నింపాడు. ఇళ్లన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి కనక ఆ రోజు కొళాయి తిప్పిన నాథుడు లేడు. నీళ్లయ్య దీపం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇన్నేళ్లు తిన్నగా పనిచేసి, తిన్నగా అడిగితే పలకని స్వామి ఈ వంకరదారిన ఎందుకిచ్చాడో ఆయనకు బోధపడలేదు. నిజం ఒకసారి చెప్పాడు, రెండోసారి కూడా చెప్పాడు. మూడోసారి ఉత్తరం రాసి చెప్పాలా అని దేవుణ్ణే అడిగాడు. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"మా తమ్ముడి చేతి చలవండీ. ఒప్పుకోరు గానీ."

బోర్డు మీద అక్షరాలను మర్నాడు నీళ్లయ్య స్వయంగా నిచ్చెనెక్కి మార్చాడు. వంకరటింకరగా వచ్చాయి, అయినా ఊరు మళ్లీ నిశ్చింతగా ఉంది. ఎండలు ముదరకముందే కొత్త మోటార్లు రెండూ దిగాయి. పంపుహౌసు ముందు జనం పోగయ్యారు, ఆపరేటరు తాతయ్యకు సెలవిచ్చాడు, నీళ్లయ్య కళ్లు తుడుచుకున్నాడు.

మోటారు స్విచ్చు మీద అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయంటూ బావమరిది అప్పటికే నీలం రంగు డబ్బా మూత తీస్తున్నాడు.