నక్కగారి క్రిస్మస్ ఖండన సభ

ఇది పాతకాలం కథేం కాదు, మొన్నమొన్నటి మాటే. ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, జంతువుల ప్రార్థన మందిరం ఉండేది. దానికి పాస్టరు ఏలీయా అనే మేకపోతు. ప్రసంగం కంటే గడ్డం పొడుగు. సంఘపెద్ద జెకర్యా అనే నక్క. పాస్టరుగారి కుర్చీ మీద దానికి ఎప్పట్నుంచో కన్ను.

డిసెంబరు రాగానే ముసలి గొర్రె సువార్తమ్మ మందిరం గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టబోయింది. మొగుడు పోయాక ఆమె మనసారా నవ్వేది క్రిస్మస్ నాడే.

"దించవమ్మా!" అని అరిచింది నక్క. "డిసెంబరు ఇరవై అయిదని బైబిల్లో ఎక్కడుంది? చూపించు."

పాస్టరుగారు గడ్డం నిమురుకున్నారు.

"తేదీ సంగతి అలా ఉంచు జెకర్యా. ప్రభువు పుట్టాడు కదా!"

"పుట్టాడు. కేకు కోశాడా?"

ఆ ఒక్క ప్రశ్నకి సంఘం రెండుగా చీలింది. సగం జంతువులు నక్క వెంట వాగు దాటిపోయి 'నిజమైన విశ్వాసుల మందిరం' అని బోర్డు పెట్టుకున్నాయి. సువార్తమ్మ చెల్లెలు కరుణమ్మ కూడా అటే పోయింది. నీళ్లకొచ్చినప్పుడు ఎదురుపడినా అక్కాచెల్లెళ్లు తలలు తిప్పుకునేవారు. ఇంటికెళ్లాక మాత్రం ఇద్దరికీ గడ్డి సయించేది కాదు.

పండగ దగ్గరపడేసరికి నక్కకి బెంగ పట్టుకుంది. కేకు వాసనకి తన మంద మళ్లీ వాగు దాటితే? అందుకని సరిగ్గా ఆ రోజే ఉపవాసంతో 'క్రిస్మస్ ఖండన సభ' అని ప్రకటించింది.

ఎలుగుబంటి సమూయేలు చెయ్యెత్తింది. "ఉపవాసమా అయ్యగారూ? అవతల కేకు పెడుతున్నారట."

"సరే, టీ, బన్ను ఇద్దాం."

"కేకు తర్వాత పులిహోర కూడానట."

నక్క పళ్లు కొరికింది. "అయితే మనది బిర్యానీ!"

గొర్రెలు బిక్కచచ్చి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"కూరగాయలదే!" అంది నక్క విసుగ్గా.

సభ చీకటి పడేదాకా సాగుతుందని రంగు లైట్లు కట్టించారు. ఖండన పాటలన్నీ క్రిస్మస్ రాగాల్లోనే కట్టారు. వేరే రాగాలు ఎవరికీ రావు మరి. అవతలివాళ్ల ముందు చిన్నబోకూడదని అందరూ తలంట్లు పోసుకుని కొత్తబట్టలు కట్టుకొచ్చారు.

మధ్యాహ్నానికి బిర్యానీ వాసన వాగు దాటింది. ముందు కుందేళ్లొచ్చాయి. తర్వాత జింకలొచ్చాయి. ఆఖరికి పాస్టరుగారు కూడా, "మీ సిద్ధాంతం ఏమిటో విందామని" అంటూ విస్తరాకు పట్టుకుని వచ్చారు.

వాళ్ల వెనకే వాగు దాటొచ్చిన సువార్తమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పిలవని చోటికి రావడం ఆమెకి అలవాటు లేదు. కరుణమ్మ చూసింది. వడ్డిస్తున్న గరిటె అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"రా అక్కా. నువ్వు తినకుండా నాకు ముద్ద దిగుతుందా?"

ఇద్దరూ ఒకే విస్తట్లో తిన్నారు. కన్నీళ్లు తుడుచుకుంటూ తిన్నారు.

తిన్నాక సువార్తమ్మ నేరుగా నక్క దగ్గరికెళ్లింది.

"వందనాలు అయ్యగారూ! నా జన్మలో ఇంత మంచి క్రిస్మస్ చూడలేదు. వచ్చే ఏడు కూడా ఇలాగే ఖండించండి."

నక్క మైకు లాక్కుంది. "ఇది క్రిస్మస్ కాదు! కానే కాదు!"

నోటినిండా బిర్యానీతో రెండు సంఘాలూ ఒక్క గొంతుతో అన్నాయి: "ఆమేన్!"

నీతి: పండగ తప్పు అని నిరూపించదలచినవాడు ముందు వంటవాణ్ణి మానిపించాలి.