మాస్టారి ఊపిరి, బావమరిది ఊదుడు

ఆ పొద్దున డ్రిల్లు మాస్టారు చేయవలసిన పని చాలా చిన్నది. పళ్ళు తోముకుని, ఊపిరి కొలిచే యంత్రంలో గట్టిగా ఒక్కసారి ఊదడం. ఊపిరితిత్తుల మార్పిడి అయినప్పటి నుంచి రోజూ ఇంట్లోనే ఊదుతున్నారు. అంకె ఫోనులోంచి నేరుగా ఆసుపత్రికి పోతుంది. ఈ వారమంతా అంకె తగ్గకపోతే సోమవారం నుంచి బడికి వెళ్ళవచ్చని డాక్టరమ్మ మాటిచ్చింది. ఇవాళే ఆఖరి రోజు.

ఆ అంకె అంటే ఇంట్లో మహా గొప్ప. ఇల్లాలు రోజూ దాన్ని బాల్కనీలోంచి ఎదురింటావిడకు వినిపిస్తుంది. నిన్న చుట్టపుచూపుగా దిగిన ఇల్లాలి తమ్ముడికి ఇది మింగుడు పడలేదు.

"మార్చుకున్నవాటికే ఇంత గొప్పయితే, పుట్టుకతో వచ్చినవాటి సంగతి చూడక్కా!" అంటూ, మాస్టారు ఇంకా పళ్ళు తోముకుంటుండగానే యంత్రం అందుకుని ఊదేశాడు. పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు కాల్చే మనిషి. ఊదుడు సగంలోనే దగ్గయింది. తెరమీద అంకె ఎర్రబడి ఆసుపత్రికి చేరిపోయింది.

వెంటనే ఫోను మోగింది. "మాస్టారూ, కదలకండి! కూర్చోండి!" అంది నర్సు.

"నాకేం కాలేదమ్మా! అది నా ఊపిరి కాదు!"

నర్సు గుండె గుభేలుమంది. కొత్త ఊపిరితిత్తులు పెట్టించుకున్న మనిషి నోట ఆ మాట వింటే ఎవరికైనా అంతే. "పోనీ, ఇంకోసారి ఊదగలరా?"

"చచ్చినా ఊదను! ఎంగిలి చేసి పెట్టాడు వెధవ!"

"మాట కూడా తేడాగా ఉంది, అంబులెన్సు పంపండి" అని ఎవరితోనో అంటూ నర్సు ఫోను పెట్టేసింది.

అంబులెన్సును వెనక్కి పంపుతానని బావమరిది నాలుగంతస్తులు దిగాడు. లిఫ్టు పాడైంది. స్ట్రెచర్‌తో పైకి దూసుకుపోతున్నవాళ్ళ వెంటపడి మళ్ళీ ఎక్కాడు. మూడో అంతస్తులో చెమటలు కారుతూ, రొప్పుతూ మెట్లమీద కూలబడ్డాడు. వాళ్ళు తిరిగి చూసి చటుక్కున పడుకోబెట్టి బెల్టు బిగించారు.

"నేను కాదు... మా బావ..."

"అందరూ ఇలాగే అంటారు. మాట్లాడకండి సార్."

వెనకాలే మాస్టారు అతని చెప్పులు చేత్తో పట్టుకుని, ఇల్లాలితో పాటు చకచకా మెట్లు దిగారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్ట్రెచర్ వంక చూసింది, నిటారుగా నిలబడ్డ మాస్టారి వంక చూసింది, జరిగిందంతా వింది. "ఆ యంత్రం ఇంకొకళ్ళు ముట్టుకోవచ్చా అండీ?" అని ఇల్లాలికి నాలుగు చీవాట్లు పెట్టి, మాస్టారి చేత వేరే యంత్రంలో ఊదించింది. ఆపరేషన్ అయ్యాక ఇంత మంచి అంకె ఎప్పుడూ రాలేదు. నర్సును పిలిచి మరీ చూపించింది.

"సోమవారం బడికి వెళ్ళండి మాస్టారూ."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఎవరిచ్చారో తెలియని ఆ ఊపిరిని నిండుగా ఒకసారి పీల్చుకున్నారు. ఇల్లాలు బాల్కనీ దగ్గర లేనందుకు తెగ బాధపడింది.

బావమరిదిని మాత్రం పరీక్షలకని ఆపేశారు. "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేసింది ఆయా.

ఇన్నాళ్ళూ మంచంమీద పడుకునే ఆ కేక విన్న మాస్టారు ఛాతీ విరుచుకుని "నేనే!" అన్నారు.

"తాలూకువాళ్ళు ఇక్కడుండకూడదు. బయటికి నడవండి."

ఆసుపత్రిలోంచి గెంటించుకుని అంత గర్వంగా నడిచిపోయిన మనిషిని ఆయా అంతకుముందు చూడలేదు.