వెర్నా కుర్చీలో డీన్ గారు

ఆ బుధవారం పొద్దున వెర్నా టిల్‌స్ట్రమ్ పెట్టుకున్న పని ఒక్కటే. విద్యార్థులు పంపిన ప్రోగ్రాముల్లో ఒకదాని మీద ఆమెకు అనుమానం. దాన్ని నడిపి చూడటానికి తన కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, తయారు చేసింది. దానికి నెట్ లేదు, ప్రింటర్ లేదు. లోపల ఏం తగలబడ్డా బయటికి పొగ రాదు, మూసేస్తే అంతా చెరిగిపోతుంది. కొన్ని దొంగ ప్రోగ్రాములు ఉత్తుత్తి మెషీన్‌ని పసిగట్టి నంగనాచిలా ఊరుకుంటాయి. అందుకని దాన్ని అచ్చం కాలేజీ కంప్యూటర్‌లాగే ముస్తాబు చేసి, తెర నిండా పరిచి, లైబ్రరీలో ఏదో ప్రింటర్ మొరాయిస్తోందంటే వెళ్ళింది.

అమెరికాలో డులూత్ ఊళ్ళోని ఆ చిన్న కాలేజీలో పందొమ్మిదేళ్లుగా ల్యాబు ఆమెదే. డీన్ హోల్‌బెక్ దాన్ని బయటి కంపెనీకి అప్పగించబోతున్నాడు. పన్నెండింటిలోగా ఆయన సమ్మతి లేఖ ట్రస్టీలకు చేరాలి, చేరకపోతే ఇంకో ఏడాది పాత ఏర్పాటే. "నేను మాత్రం బతిమాలను" అని వెర్నా నిన్ననే ఆయన మొహం మీద చెప్పేసింది.

ఆ మాట డీన్‌ని రాత్రంతా గుచ్చింది. పదకొండింటికి ల్యాబుకి వస్తే కుర్చీ ఖాళీగా ఉంది. ఆ లేఖ ఆమె కుర్చీలో కూర్చునే పంపాలనిపించింది. రాశాడు, నొక్కాడు. వెళ్ళలేదు. ప్రింటు తీద్దామంటే ప్రింటరే లేదంది. కాలేజీ సర్వరు మొత్తం పడిపోయిందని తేల్చేసి, పక్క గదిలో పరీక్ష రాస్తున్నవాళ్లని లేపి ఇంటికి పంపేశాడు.

తాళాలు తీసుకుందామని వచ్చి వరండాలో కూర్చున్న కంపెనీ నిపుణుడు ట్రెంట్‌ని లోపలికి పిలిచాడు. అతను గోడమీది పెట్టెలో వైర్లు పీకి మళ్ళీ గుచ్చాడు. దాంతో అప్పటిదాకా బాగున్న కాలేజీ నెట్ నిజంగానే పోయింది. క్యాంటీన్‌లో మధ్యాహ్నం వంటకం హాట్‌డిష్ పళ్ళేలు పట్టుకుని జనం బిల్లు కోసం నిలబడిపోయారు. ట్రెంట్ తెర మీద కనిపించిన ఆ విద్యార్థి ప్రోగ్రాముని మరమ్మతు సాధనమనుకుని నొక్కాడు. ఫైళ్లన్నీ ఒక్కొక్కటే మాయమై, తెర ఎర్రబడింది.

అప్పుడు వచ్చింది వెర్నా. గడియారంలో పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. ఒక్క చూపులో ఆమెకు సంగతంతా అర్థమైంది. అయినా దాచలేదు.

"లేవండి. అది అసలు కంప్యూటర్ కాదు, చూపిస్తాను."

"మీరు దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాడు డీన్. "ఇక్కడ నిపుణుడున్నాడు."

"సరే, ముట్టుకోను."

ఎదురు కుర్చీలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగింది. పందొమ్మిదేళ్లలో డీన్ గారి ఆజ్ఞని ఆమె ఇంత ఇష్టంగా ఎప్పుడూ పాటించలేదు. ట్రెంట్ చెమటలు తుడుచుకుంటూ, వైరస్ మొత్తం కాలేజీకి పాకిపోయిందని తీర్పు చెప్పాడు. పన్నెండు దాటి అయిదు నిమిషాలకి డీన్ గొంతు తగ్గింది. ఏదో ఒకటి చెయ్యమన్నాడు.

వెర్నా ఒక మీట నొక్కింది. ఎర్ర తెర చిన్న కిటికీలా కుంచించుకుపోయి మూసుకుంది. వెనక అసలు కంప్యూటర్, ఒక్క ఫైలు కూడా చెదరకుండా ఉంది. ట్రెంట్ తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మరి నా లేఖ?" అన్నాడు డీన్.

"లోపలిది బయటికి రాదండి. దాన్ని కట్టిందే అందుకు."

ఆ ఉత్తుత్తి మెషీన్ భద్రతా పరీక్షలో నెగ్గిందని వెర్నా రాసి ట్రస్టీలకు పంపిన నివేదికలో, ప్రత్యక్ష సాక్షిగా సంతకం డీన్ గారిదే.