మంత్రిగారి ఫొటో కదలని అప్‌గ్రేడ్

"ఇకనుంచి మనిషి చెయ్యి పడకుండా సర్వర్లు వాటంతటవే అప్‌గ్రేడ్ అవుతాయి!" అని మంత్రి కనకరత్నంగారు విశాఖ చేపలరేవులో ప్రకటించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు రేవు డిజిటల్ సేవల డైరెక్టర్ భీమశంకరరావు. చప్పట్ల విషయంలో ఆయనకి సాటిరాగల అధికారి జిల్లాలో లేడు.

ఇంజనీరు చంద్రిక పద్ధతి వివరించింది. "ముందు ఒక సర్వర్‌కి కొత్త పని ఆపుతాం సార్. దానిమీదున్న పనులు పక్క సర్వర్లకి వెళ్ళిపోతాయి. ఖాళీ అయ్యాక అప్‌గ్రేడ్. ఆ తర్వాత ఇంకోటి."

"ఒకటి ముందు, ఒకటి వెనకానా?" మంత్రిగారు నొచ్చుకున్నారు. "మా ప్రభుత్వంలో వివక్ష ఉండదమ్మా. అన్నీ ఒకేసారి!"

సామాజిక న్యాయం సర్వర్ల దాకా వచ్చినందుకు భీమశంకరరావు కళ్ళు చెమర్చాయి. వెంటనే మంత్రిగారిచేత బటన్ నొక్కించాడు.

సర్వర్లన్నీ కొత్త పని మానేశాయి. పాత పనులన్నీ బయటికొచ్చాయి. వాటిని తీసుకునే పక్క సర్వర్ ఒక్కటీ లేదు. రేవు గేటు టోకెన్లు ఆగిపోయాయి. టోకెన్ లేనిదే గేటు లేవదు. గేటు లోపల చేపల వ్యాన్‌తో కన్నబాబు ఇరుక్కుపోయాడు.

"ఏటి బాబూ ఇది? ఐసు కరిగిపోతంది. వంజరాలన్నీ పాడైపోతే నానేటైపోవాల?"

"అప్‌గ్రేడ్ అవుతోందయ్యా," అన్నాడు భీమశంకరరావు.

"ఏది, సేపా?"

ఇంతలో చంద్రిక పరుగున వచ్చింది. "సార్, అన్నీ ఖాళీ అయ్యాయి, మంత్రిగారి ఫొటో తప్ప. ప్రతి సర్వర్‌లోనూ ఉంది. ఏ పరిస్థితిలోనూ తొలగించరాదని మీరే నిబంధన పెట్టించారు. అది కదిలితేగానీ అప్‌గ్రేడ్ మొదలవదు."

"కదిలించు మరి!"

"మీరు ఆర్డర్ ఇవ్వండి సార్."

"మంత్రిగారిని తొలగించమని నేను ఆర్డర్ ఇవ్వాలా? నా ఉద్యోగం ఏమవ్వాలమ్మా?"

చివరికి, అప్పటికే వెళ్ళిపోయిన మంత్రిగారికే ఫోన్‌లో విన్నవించుకున్నాడు. మహానుభావుడు, కోప్పడలేదు. "ప్రజల కోసం నా ఫొటోని త్యాగం చేస్తాను. సభ పెట్టించు," అన్నారు.

రేవు గేటు దగ్గరే షామియానా వేశారు. కుర్చీలొచ్చాయి, దండలొచ్చాయి, మైకొచ్చింది. ఎండ ముదిరాక మంత్రిగారొచ్చారు.

"ఏంటయ్యా వాసన?"

"జనాదరణ సార్."

మంత్రిగారు కన్నబాబు భుజం మీద చెయ్యేసి, రెండో చేత్తో బటన్ నొక్కారు. ఫొటో మాయమైంది. చప్పట్లు మోగాయి. "అప్‌గ్రేడ్ మొదలైంది సార్!" అని చంద్రిక అరిచింది. కన్నబాబు పరిగెత్తుకెళ్ళి వ్యాన్ స్టార్ట్ చేశాడు.

మంత్రిగారి మొహం లేని కంప్యూటర్ తెరని భీమశంకరరావు భరించలేకపోయాడు. అప్పుడే తీసిన త్యాగం ఫొటోని, పాత నిబంధనతో సహా, అన్ని సర్వర్లలోకీ ఎక్కించేశాడు. కొత్త పని ముట్టుకోని సర్వర్లు మంత్రిగారి ఫొటోని మాత్రం కాదనవు. అలా ఏర్పాటు చేయించింది కూడా భీమశంకరరావే.

"సార్, మళ్ళీ ఆగిపోయింది," అంది చంద్రిక.

భీమశంకరరావు వినలేదు. తెరవైపే చూస్తున్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మంత్రిగారు నవ్వుతున్నారు. వెనకాల కన్నబాబు వ్యాన్, దాని కింద ఐసునీళ్ళ మడుగు, ఎంతో స్పష్టంగా కనిపిస్తున్నాయి.