భోజనాల బల్ల మీది ఓడ

ఆ పొద్దున ఆకాశం తుడిచిన పలకలా ఉంది. మబ్బు లేదు, గాలి లేదు. ఓడలు బయల్దేరే వాతావరణం కాదు. అయినా మా అక్క ఇంట్లో తెరచాపలెత్తుకుని ఒక ఓడ సిద్ధంగా ఉంది. సముద్రం దగ్గర్లో లేదు కాబట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంది.

నన్నడిగితే ఇంటికో కొయ్య ఓడ ఉండి తీరాలి. నవ్వకండి! కాపురాలు నిలబెట్టడానికి దీన్ని మించిన సాధనం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మా బావనే తీసుకోండి. పెళ్లయిన కొత్తల్లో నోరున్న మనిషి. కూరలో ఉప్పు గురించి, తువ్వాలు తడి గురించి, మా వైపు చుట్టాల గురించి తెగ మాట్లాడేవాడు. చెక్కముక్కలు అతికించి బొమ్మ ఓడ కట్టుకునే కిట్ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి చడీ చప్పుడూ లేదు. పళ్ల మధ్య తెరచాప దారం కరిచిపట్టుకున్న మనిషి పెళ్లాంతో ఎలా పోట్లాడతాడు చెప్పండి?

ఓడ లేని ఇళ్లలో వస్తువులు పోతుంటాయి. మంచాల కింద వెతుక్కుంటారు, ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఇక్కడ ఆ బెడదే లేదు. బట్టల క్లిప్పులేవి? ఓడ పక్కలకి అంటించిన చెక్కపేళ్లు ఊడిపోకుండా పట్టుకుని ఉన్నాయి. మేనకోడలి హెయిర్ డ్రయ్యర్? నానబెట్టిన చెక్కను వంచే పనిలో ఉంది. అన్నిటికీ చిరునామా ఒక్కటే! క్లిప్పులు లేక ఆరేసిన బట్టలు ఎదురింటి మేడ మీదికి ఎగిరిపోతుంటాయి, నిజమే. దానివల్ల ఎదురింటివాళ్లతో రాకపోకలు పెరిగాయి.

"అమ్మాయ్, నా కళ్లజోడు కనబడిందా?" అని వాళ్ల అత్తగారు అడిగితే అక్క తల కూడా ఎత్తదు.

"ఓడెక్కింది అత్తయ్యా."

వీటన్నిటినీ మించిన మేలు, టేబుల్ పోవడం. ఓడ వంకరపోకుండా బావ దాని అడుగు పలకను టేబుల్‌కి స్క్రూలతో బిగించాడు. చాలదేమోనని జిగురు కూడా పోశాడు. ఓడ అంగుళం కూడా కదలకూడదన్నదే ఆయన ధ్యాసంతా. ఓడకి అంతకంటే కావలసిందేముంది?

దాంతో ఆ ఇంట్లో భోజనాలకి స్వాతంత్ర్యం వచ్చింది. అత్తగారు మంచం మీద. మేనకోడలు ఫోన్ ముందు. అక్క పొయ్యి దగ్గర నిలబడి. బావ ఓడ చుట్టూ తిరుగుతూ, ఎడంచేత్తో తాళ్లు సర్దుతూ. జరుగు అనేవాళ్లు లేరు, ఇంకొంచెం వేసుకో అనేవాళ్లు లేరు. ఎంత హాయి!

ఈ హాయి ఒక్క అక్కకే గిట్టలేదు.

"ఇంట్లోవాళ్లం అందరం ఒక్కచోట కూర్చుని ఒక్క పూట తినాలిరా. నేనడిగేది అంతే," అంది నాతో. "ఓడ పూర్తి కానీ అంటారు మీ బావ."

ఆ పొద్దున అది పూర్తయిందని కబురొస్తే వెళ్లాను. మాది సముద్రం ఎరగని ఊరు. నాకు ఓడల సంగతి తెలీదు. కానీ దీన్ని చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది. బావ ముఖం వెలిగిపోతోంది. ఓడ వెనక వైపు గోరంత కిటికీ చూపించి, అక్క చేతికి టార్చ్ ఇచ్చాడు.

అక్క ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏముందే లోపల?" అంది అత్తగారు మంచం మీంచి.

"భోజనాల బల్ల అత్తయ్యా. చుట్టూ కుర్చీలు. పళ్లేలు కూడా పెట్టారు మీ అబ్బాయి."

"కెప్టెన్ గది," అన్నాడు బావ, కాస్త సిగ్గుపడుతూ. "టార్చ్ వేస్తే తప్ప ఎవరికీ కనబడదు. అయినా ఉండాలి కదా."

"ఎందుకండీ?"

"ఓడలోవాళ్లు కలిసి తినొద్దూ?"

అక్క టార్చ్ ఆర్పింది.

"అయితే అందరూ ఎక్కండి. ఈ పూట అక్కడే వడ్డిస్తాను."

నేను నవ్వబోయి, ఇంకెవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాను.

బావ స్క్రూడ్రైవర్ తీసుకుని టేబుల్ కిందికి దూరాడు. స్క్రూలు వచ్చాయి. జిగురు రాలేదు. నేను ఓడ అడుగు పలక పట్టుకుని పైకి లాగాను. ఓడతో పాటు టేబుల్ కూడా లేచింది.

"మంచి జిగురురా అది," అన్నాడు కింద నుంచి. గొంతులో గర్వం దాగలేదు.

అక్క ఓడ చుట్టూ అంచున మిగిలిన జాగాలో పళ్లేలు పెట్టింది. అత్తగారిని లేపుకొచ్చింది, కూతుర్ని పిలిచింది. తెరచాపలు చెదురుతాయని బావ ఫ్యాన్ ఆపేశాడు. అందరం కూర్చున్నాం.

చూశారా ఓడ మహిమ! అక్క కోరిక తీరింది. ఇక మాట్లాడుకోవడమే తరువాయి.

అక్క వడ్డించింది. మేనకోడలి చెయ్యి ఫోన్ కోసం తడుముకుని, అది దగ్గర లేక వెనక్కి వచ్చింది. అత్తగారు గొంతు సవరించుకుని మంచినీళ్లు తాగింది. ఆ ఓడలో ప్రతి తాడుకీ పేరు చెప్పగల మా బావ, తాళ్ల సందుల్లోంచి అక్క వైపు చూశాడు. ఏదో అడుగుదామనుకున్నట్టున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో దొరకలేదు. అక్క కూడా బావ వైపే చూస్తోంది. ఇన్నాళ్లుగా దాచుకున్న మాటలెన్నో ఉండాలి ఆమె దగ్గర. ఒక్కటీ బయటికి రాలేదు.

కాసేపటికి అందరం ఓడ వైపే చూస్తూ తిన్నాం. అది కూడా లేకపోయుంటే ఎటు చూసేవాళ్లమో!

గాలి లేదు. తెరచాపలు కదల్లేదు. అక్క నా పళ్లెంలో ఇంకొంచెం కూర వేసింది.